అనుమతి యను పేర అపహరణము

వడ్డీవ్యాపారి లేని కాలము మన దేశచరిత్రలో లేదు. అప్పుగొన్నవానిని పీడించువాడు లేని కాలమును లేదు. కాని పూర్వపు వ్యాపారి నోటు వ్రాయించుకొనెడివాడు. పొలము తాకట్టు పెట్టించుకొనెడివాడు. నగలు కుదువ పెట్టించుకొనెడివాడు. ఏమి తాకట్టుపడినదో ఇచ్చినవానికిని పుచ్చుకొన్నవానికిని తెలిసియుండెడిది. నేడు ఐదు నిమిషములలో అప్పిత్తుమని ఫోనులో పిలుచు యాపులలో పెక్కులు నోటు నడుగవు, పొలము నడుగవు, నగ నడుగవు. అవి అడుగునది ఒక్కటే: అనుమతి. ఆ యొక్క మాటపై వ్రేలుంచినంతనే అప్పు కోరినవాని బంధుమిత్రుల నంబర్లు, ఇంటివారి ఛాయాచిత్రములు, అతనికి వచ్చిన సందేశములు, అతడున్న తావు పరాయివాని చేతిలో పడుచున్నవి. దీనిని వ్యాపారమని పిలుచుటకు మాకు నోరు రాకున్నది. ఇది అపహరణము, ఆ పేరుతోనే మేము దీనిని పిలువదలచితిమి.

ఇది మేము ఊహించి వ్రాసిన భయము కాదు. 2020వ సంవత్సరమున కోవిడ్ వ్యాధివలన పనులు నిలిచి, జీతములు తెగి, చిన్న కుటుంబములు చేబదులుకై వెదకుచున్న దినములలో ఈ యాపులు మూలమూలలకు ప్రాకినవి. ఆ యేటి డిసెంబరు నాటికి తెలంగాణమున వీని వేధింపులకు తాళలేక ప్రాణములు విడిచినవారి వార్తలు ఒకదానివెంట నొకటి వెలువడెను. హైదరాబాదు, సైబరాబాదు పోలీసులు కేసులు నమోదుచేసి, కాల్ సెంటర్లపై దాడిచేసి, పలువురిని నిర్బంధించిరి. వారిలో చైనా దేశస్థులును ఉండిరి. మన యువకులే చిన్న జీతములకు కూర్చుండి, మన భాషలోనే, మన పేదవారినే దూషించుటకు నియోగింపబడిరనుట ఇందలి మిక్కిలి విచారకరమైన సంగతి. 2022లో ఆంధ్రప్రదేశమునను ఇట్టి మరణములు సంభవించినవి. 2021 జనవరిలో రిజర్వు బ్యాంకు ఈ విషయమును విచారించుటకు ఒక కార్యవర్గమును నియమించెను. ఆ యేటి మొదటి రెండు నెలలలో మన దేశీయులకు లభ్యమగుచుండిన అప్పుల యాపులు సుమారు 1,100 అనియు, అందు 600 చట్టవిరుద్ధమైనవనియు ఆ సంఘమువారు నవంబరు నెలలో ప్రకటించిరి. అంగడిలో సగముకంటె ఎక్కువ దుకాణములు దొంగవే యైనచో ఆ యంగడిని నడుపువానిని ఎవరును ప్రశ్నింపకుందురా?

ఈ మోసము నడచు తీరును మా పాఠకులు చక్కగ గ్రహింపవలెను. కొద్దివేల రూపాయలు కావలసినవాడు యాపును ఫోనులోనికి దింపుకొనును. అది వరుసగా అనుమతులు కోరును: ఫోనులోని పేర్ల పట్టిక, ఛాయాచిత్రములు, సందేశములు, కెమేరా, ఉన్న తావు. ఏ యొక్కటి నిరాకరించినను పని ముందునకు సాగదు. అనుమతి లభించిన క్షణముననే పేర్ల పట్టిక యంతయు దూరమున నున్న యంత్రములోనికి చేరిపోవును. పిమ్మట రుసుములని చెప్పి ముందుగనే కొంత సొమ్ము కోసికొని మిగిలినది చేతిలో పెట్టుదురు. గడువు పెక్కుసారులు వారము దినములు. గడువు దాటకముందే ఫోను మ్రోగుట ప్రారంభమగును. మొదట బెదరింపు, పిదప తిట్లు, పిమ్మట తోడబుట్టినవారికి, మేనమామకు, పనిచేయుచోటి పెద్దకు, పిల్లల పంతులుకు సందేశములు. ఫలానావాడు దొంగ యని ఒకటి. అతని అప్పునకు మీరే జామీనుదారులని ఇంకొకటి. చివరకు ఇంటి స్త్రీల ముఖములను నగ్నదేహములకు అతికించి పంపెదమను బెదరింపు, పంపుటయును. యాపును తుడిచివేసినను ఫలము లేదు. ఒకమారు తరలిపోయిన పట్టిక తిరిగి రాదు. వారు అప్పుగా ఇచ్చినది సొమ్మే. ఈడుగా పుచ్చుకొన్నది మానము.

ఇప్పుడు శాస్త్రము నడుగుదము. వీరు చూపు దస్తావేజు "అనుమతి" కదా! 1872వ సంవత్సరపు కాంట్రాక్టు చట్టములోని 13వ సెక్షను సమ్మతియన నేమో నిర్వచించియున్నది. ఇరువురు ఒకే విషయమును ఒకే యర్థమున అంగీకరించుట సమ్మతి. పేర్ల పట్టికకు అనుమతి యిచ్చిన కూలివాడు "నా చెల్లెలికి నీవు బూతుబొమ్మ పంపవచ్చును" అను అర్థమున దాని నంగీకరించెనా? పుచ్చుకొన్నవాడు ఆ యర్థముననే పుచ్చుకొనెను. ఇరువురి యర్థములు వేరగుటచేత అచ్చట సమ్మతి పుట్టనేలేదు. పుట్టినదనుకొన్నను, 14వ సెక్షను ప్రకారము బలాత్కారము, వంచన, తప్పుదారి పట్టించుట మొదలగువానివలన కలిగినది స్వేచ్ఛాసమ్మతి కాదు. బిడ్డకు మందు కొనుటకు సొమ్ము లేనివాని యెదుట, ఇంగ్లీషున చిన్న యక్షరములతో వ్రాసిన ఇరువది పుటల షరతులను ఉంచి, క్రింద ఒక మీట పెట్టి, అతడు నొక్కెను గావున ఒప్పుకొనెనని వాదించుట న్యాయశాస్త్రము కాదు, న్యాయశాస్త్రమునకు అపహాస్యము.

మరియొక మాట. పేర్ల పట్టికలో నున్న వందలకొలది మనుష్యులు ఈ యొప్పందమున కక్షిదారులు కారు. వారు అప్పు తీసికొనలేదు, జామీను ఉండలేదు, ఆ యాపు పేరైనను వినలేదు. రామయ్య అప్పునకు కృష్ణయ్య యిల్లు జప్తు చేయుమని ఏ న్యాయస్థానమును ఉత్తరువు చేయజాలదు. అట్టిచో రామయ్య వ్రేలిముద్రతో కృష్ణయ్య నంబరు, కృష్ణయ్య భార్య నంబరు, వారి శాంతి ఎట్లు జప్తు కాగలవు? తనది కానిదానిని ఇచ్చుటకు ఎవనికిని హక్కు లేదు. ఇయ్యరానిదానిని ఇమ్మని యడిగినవాడే ఇచ్చట మొదటి దోషి.

న్యాయస్థానములలో దినదినము డిక్రీల యమలును చూచు మాకు ఈ యన్యాయము మరింత స్ఫుటముగ కనబడుచున్నది. సివిల్ ప్రొసీజరు కోడు 60వ సెక్షను జప్తుకు పనికిరాని వస్తువులను పేర్కొనుచున్నది. ఋణస్థుని యొక్కయు, అతని భార్యాబిడ్డల యొక్కయు కట్టుబట్టలు, వంటపాత్రలు, పక్కబట్టలు, మతాచారమును బట్టి స్త్రీ విడువరాని ఆభరణములు, చేతిపనివాని పనిముట్లు జప్తు కారాదు. అనగా సాక్ష్యము విని, తీర్పు చెప్పి, డిక్రీ యిచ్చిన పిమ్మటను అమీను ఋణస్థుని మెడలోని మంగళసూత్రమును ముట్టరాదు, పొయ్యిమీది కుండను దింపరాదు. అప్పు నిజమే యైనను, తీర్పవలసినదే యైనను, మనిషి మనిషిగా నిలుచుటకు కావలసినదానిని అప్పు తాకరాదని చట్టము గీచిన గీత అది. కుండను కాపాడిన చట్టము కుటుంబ మర్యాదను కాపాడవలదా? తీర్పు పొందిన ధనికుడు చేయరాని పనిని, ఏ తీర్పును లేని యజ్ఞాత వ్యాపారి చేయుచుండగా మనము చూచుచు కూర్చుండవలెనా?

మన తెలుగుదేశమునకు ఈ గుణపాఠము క్రొత్తది కాదు. 2010వ సంవత్సరమున సూక్ష్మఋణ సంస్థల వసూళ్ల యొత్తిడికి పేద స్త్రీలు బలియగుచున్నారను ఆందోళన చెలరేగినప్పుడు ఆనాటి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము అక్టోబరు 15వ తేదీన ఆర్డినెన్సు నొకదానిని ప్రకటించెను; మరుసటి యేట అది చట్టమయ్యెను. అప్పుగొన్నవారిని వారి యింటివారిని అవమానించుట, బెదరించుట, చోటునుండి చోటునకు వెంటాడుట, ఇంటియొద్ద పనియొద్ద కాచియుండుట బలవంతపు చర్యలని ఆ శాసనము నిర్వచించినది. నాడు వసూలుదారుడు వాకిటిలో నిలిచెడివాడు. వాడు ఒక వాకిటిలోనే నిలువగలడు. ప్రొద్దు గ్రుంకినచో ఇంటికి పోవలెను. నేడు వాడు ఒకే క్షణమున మూడువందల వాకిండ్లలో నిలుచుచున్నాడు. వానికి రాత్రి లేదు, ముఖము లేదు, చిరునామా లేదు. పద్ధతి మాత్రము పాతదే: అప్పును చూపి పదుగురిలో సిగ్గుపరచుట. యంత్రము దానికి రెక్కలిచ్చినది.

ఏకాంతము ధనికుల వేడుక యనియు, పేదవానికి దానితో పని లేదనియు కొందరు పెద్దలు సెలవిచ్చుచున్నారు. అట్టివారు చరిత్రను తెలిసికొందురు గాక. 1962వ సంవత్సరమున ఖరక్ సింగు వ్యాజ్యమున సుప్రీముకోర్టు అధికసంఖ్యాకులు ఏకాంతహక్కు రాజ్యాంగమున చెప్పబడలేదని పలికినప్పుడు, రాజమహేంద్రవరమున జన్మించిన జస్టిస్ కోకా సుబ్బారావుగారు వారితో విభేదించి, పరుల చొరబాటు లేకుండ జీవించుట వ్యక్తిస్వేచ్ఛలో అంతర్భాగమని తీర్పు వ్రాసిరి. ఆ వ్యాజ్యమున ఖరక్ సింగు జమీందారు కాడు. దోపిడి కేసులో సాక్ష్యము లేక విడువబడి, రాత్రులయందు పోలీసులచే తలుపు తట్టించుకొన్న సామాన్యుడు. పిమ్మట మన ఆంధ్రప్రదేశపు స్టాంపు చట్టసవరణమే వేరొక తీర్పునకు కారణమయ్యెను. బ్యాంకులలోని ఖాతాదారుల పత్రములను తనిఖీచేసి స్వాధీనపరచుకొనుటకు కలెక్టరు ఎవరినైనను నియోగింపవచ్చునన్న ఆ సవరణమును హైకోర్టు కొట్టివేసెను. కెనరా బ్యాంకు వ్యాజ్యమున 2004లో సుప్రీముకోర్టు దానిని స్థిరపరచి, పత్రము బ్యాంకు చేతికి పోయినంతమాత్రమున అందలి రహస్యముపై ఖాతాదారుని హక్కు పోదని చెప్పినది. తుదకు 2017 ఆగస్టు 24వ తేదీన తొమ్మండుగురు న్యాయమూర్తులు పుట్టస్వామి వ్యాజ్యమున ఏకగ్రీవముగ ఏకాంతము ప్రాథమిక హక్కని తేల్చిరి. తెలుగువాడు వ్రాసిన భిన్నాభిప్రాయము సుమారు 55 ఏండ్లకు దేశధర్మమైనది. బ్యాంకులోని కాగితమునకు వర్తించు న్యాయము జేబులోని ఫోనునకు వర్తింపదా?

అధికారులు ఏమియు చేయలేదని మేము అనము. 2022 సెప్టెంబరు 2వ తేదీన రిజర్వు బ్యాంకువారు నిబంధనలు వెలువరించిరి. అప్పుసొమ్ము ఋణదాత ఖాతానుండి నేరుగ అప్పుగొన్నవాని ఖాతాకే చేరవలెననియు, యాపులు ఫోనులోని పేర్ల పట్టికను, ఛాయాచిత్రములను, కాల్ వివరములను ముట్టరాదనియు, కెమేరా మొదలగువానిని ఖాతాదారుని గుర్తించుటకు ఒక్కమారు మాత్రమే, అతని స్పష్టానుమతితో వాడవలెననియు శాసించిరి. 2025 మే నెలలో ఆ నియమములను ఒకచోట కూర్చి, గుర్తింపు గల సంస్థల యాపుల పట్టికను ఆ జూలైనుండి ప్రజల కందుబాటులో నుంచిరి. గూగుల్ సంస్థయు 2023 మే నెలాఖరునుండి అప్పుల యాపులు పేర్ల పట్టికను, ఛాయాచిత్రములను కోరరాదని తన దుకాణమునకు నియమము పెట్టుకొనెను. 2022 సెప్టెంబరు మొదలు 2023 ఆగస్టు వరకు 2,200లకు మించి యాపులను తొలగించెనని ప్రభుత్వము పార్లమెంటునకు తెలిపెను. మంచిదే. కాని దోషమెచ్చట? రిజర్వు బ్యాంకు శాసనము దాని యదుపులోనున్న సంస్థలకే చెల్లును. దొంగకు లైసెన్సు లేదు గనుక లైసెన్సు నియమము వానిని బాధింపదు. ఇట్టి అక్రమ ఋణములను నిషేధించు ప్రత్యేకచట్టము కావలెనని 2021లోనే కార్యవర్గము సిఫారసు చేయగా, ప్రజాభిప్రాయమునకై ముసాయిదా వెలువడుటకు 2024 డిసెంబరు రావలసి వచ్చెను. మూడేండ్ల కాలములో మండిన చితులకు ఎవరు జవాబుదారులు?

ఇక 2023వ సంవత్సరపు వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమును చూడుడు. అందలి 6వ సెక్షనులో మంచి మాట యున్నది. సమ్మతి స్వేచ్ఛగ, నిర్దిష్టముగ, విషయము తెలిసి, షరతులు లేక, స్పష్టముగ ఉండవలెననియు, పనికి అవసరమైనంత సమాచారమునకే అది పరిమితమనియు చెప్పినది. దానికి దృష్టాంతముగ వైద్యసలహా యాపు పేర్ల పట్టిక నడిగిన కథను శాసనకర్తలే చేర్చిరి: రోగి ఒప్పుకొన్నను ఆ పట్టికకు సమ్మతి చెల్లదు. ఇంతకంటె స్పష్టత యేమి కావలెను? కాని ఆ చట్టమునకు నియమములు 2025 నవంబరులో గాని వెలువడలేదు. వెలువడినను ఈ సమ్మతి విధులు ఆనాటినుండి 18 నెలల పిమ్మట అమలగునని గడువిచ్చిరి. అపరాధులకు సర్దుకొనుటకు గడువు! అంతేకాదు. తప్పుచేసిన సంస్థపై 250 కోట్ల రూపాయల వరకు జరిమానా వేయవచ్చునట. ఆ సొమ్ము ప్రభుత్వ ఖజానాకు చేరును. చెరుపబడినవానికి పైసా లేదు. నష్టపరిహారమునకు ఆధారమైన ఐ.టి. చట్టములోని 43ఎ సెక్షనును ఈ చట్టమే తొలగింప నిర్ణయించినది. ఫిర్యాదు అల్పమైనదని తోచినచో ఫిర్యాదు చేసినవానిపైననే 10,000 రూపాయల వరకు జరిమానా విధింపవచ్చును. గాయపడినవానికి కట్టు లేదు, కేకవేసినచో దండన! ఇది రక్షణచట్టమా, నోరుమూయు చట్టమా యని అడుగుటకు మేము సంకోచింపము.

"అప్పు తీసికొన్నవాడు తీర్పవలదా?" అని యడుగువారు కలరు. తీర్పవలెను. అప్పు ఎగవేయుటను మేము ఎన్నడును సమర్థింపము. కాని తీర్పవలసిన యప్పునకు దావా యున్నది, డిక్రీ యున్నది. సక్రమమైన యప్పు ఇచ్చినవానికి న్యాయస్థానపు ద్వారము తెరచియే యున్నది. ఆ ద్వారమున వారు ఏల ప్రవేశింపరు? ప్రవేశించినచో తమ పేరు చెప్పవలెను, వడ్డీ లెక్క చూపవలెను. వెలుగునకు జంకువాడే చీకటిలో వసూలు చేయును. "తప్పు చేయనివాడు దాచవలసిన దేమున్నది?" అని మరికొందరు. స్నానపుగదికి తలుపు పెట్టుకొన్నవాడు తప్పు చేయుచున్నాడా? ఇతర దేశములలోను ఇదే కథ నడచినది. అమెరికాలో వెలుతురిచ్చుటకు మాత్రమే పనికివచ్చు ఫోను యాపొకటి వాడుకరుల తావులను పరులకు పంపుచుండెనని 2013లో అచ్చటి వాణిజ్య సంఘము తేల్చినది. వీజియో యను సంస్థ తన టెలివిజనుల ద్వారా ఇంటివారు చూచుచున్న దృశ్యములను చెప్పక సేకరించెనని 2017లో 22 లక్షల డాలర్లు కట్టించుకొన్నారు. దీపమునకు మన తావుతో పనియేమి? అవసరము లేనిదానిని అడుగు వస్తువు ఏదైనను అనుమానింపదగినదే.

కాబట్టి మేము కోరునవి స్పష్టము. అక్రమ ఋణములను నిషేధించు చట్టము కాలహరణము లేక, పదునుగ అమలు కావలెను. యాపును తన దుకాణమున నుంచి, దాని ప్రకటనలవలన లాభము పొందు సంస్థ, అది దొంగ యాపని తేలినప్పుడు బాధ్యత వహింపవలెను. అద్దె తీసికొనువాడు గదిలో జరుగుదానిని ఎరుగనని తప్పించుకొనరాదు. జరిమానాలో భాగము బాధితునకు చేరవలెను. ఫిర్యాదుచేసినవానికి దండన తొలగవలెను. నేరము ఎచ్చట జరిగినను ఏ ఠాణాలోనైనను ఫిర్యాదు స్వీకరింపవలెనని భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను చెప్పుచుండగా, "ఇది మా పరిధి కాదు" అని బాధితుని త్రిప్పుట మానవలెను. బెదరించి సొమ్ము గుంజుట న్యాయసంహిత 308వ సెక్షను క్రింద నేరము. ఇది అప్పు తగవు కాదు, నేరమని ప్రతి ఠాణాధికారియు గుర్తింపవలెను.

ప్రజలకును మా విన్నపము. అప్పు కావలసినచో యాపు పేరు రిజర్వు బ్యాంకు ప్రకటించిన పట్టికలో నున్నదో లేదో ముందు చూడుడు. సందేశములో వచ్చిన లంకెను నొక్కి ఏ యాపును దింపుకొనకుడు. పేర్ల పట్టిక నడిగిన మరుక్షణము దానిని విడువుడు. చిక్కుపడినచో సందేశములను, నంబర్లను, చెల్లింపు రసీదులను చెరపక భద్రపరచి, 1930 నంబరునకు తెలుపుడు. ఒకమారు చెల్లించినచో వదలుదురని భ్రమపడకుడు. అన్నిటికంటె ముఖ్యముగ, ఇంటివారికి చెప్పుడు. ఈ దుర్మార్గుల బలమంతయు మన సిగ్గులో నున్నది. ఫలానావాని పేర దుష్ట సందేశము వచ్చినప్పుడు దానిని మరొకరికి పంపక, ఆ మనిషి యింటికి పోయి "నీకు మేమున్నాము" అని చెప్పగల యిరుగుపొరుగు ఉన్నచో ఆ వ్యాపారము ఆ వీధిలో సాగదు. మనసు క్రుంగినవారు 14416 నంబరునకు మాటాడవచ్చును. ఆ నంబరు ప్రతి గ్రంథాలయపు గోడపైనను వ్రాయదగినది.

విద్యావంతులైన యువకులు, న్యాయవాదులు, ఉపాధ్యాయులు ఊరూర నలుగురు చేరి, వారమున కొక సాయంకాలము ఈ బాధితుల ఫిర్యాదులు వ్రాసిపెట్టుటకు కూర్చుండవలెనని కోరుచున్నాము. దీనికి ధనము అక్కరలేదు. కలము, కాగితము, ఓపిక చాలును. చట్టము వచ్చువరకు వేచియుండనక్కరలేదు. ఉన్న చట్టమును వాడుకొనుటకే నూరుపాళ్లు పని యున్నది. అప్పు ధనముతో తీరవలెను, మానముతో కాదు. ఈ మాట వసూలుదారునకు అర్థమగునంతవరకు మనము పలుకుచునే యుండవలెను.